బొటనవేలి కింద రోడ్డు

ఆఫీసులో ఆమెను అందరూ తోకలక్క అనేవారు. ఆ పేరులో వెటకారం పావలా వంతుంటే గౌరవం ముప్పావలా వంతుండేది. నగరం అంచున ఎవరైనా పొలం కొని, ప్లాట్లు వేసి, లేఅవుటుకు అనుమతి అడిగితే, లోపలి రోడ్లలో ఒకటో రెండో సరిహద్దు దాకా తెచ్చి వదిలెయ్యాలని నియమం. పక్క పొలం కూడా ప్లాట్లయిన రోజున ఈ రోడ్డూ ఆ రోడ్డూ కలుస్తాయని ఆశ. అలా వదిలేసిన రోడ్డు ముక్కను మ్యాపుల సెక్షన్‌లో తోక అంటారు. రెండు తోకలు ఎదురెదురుగా వచ్చినప్పుడు మ్యాపు మీద వాటిని కలిపి, ఇక ఇది నడిచే దారే అని గీత గీసేది ఆమె. పదకొండేళ్లుగా, ఏడాదికోసారి పొడిగించే తాత్కాలిక ఉద్యోగంలో, ఆమె పని అదే.

ఈ విద్య ఆమెకు నేర్పినవాడు కాగితం మ్యాపుల కాలం నాటి ముసలి డ్రాఫ్ట్స్‌మన్. రిటైరై చాలాకాలమైంది. ఆయన పద్ధతి చాలా తేలిక. రెండు తోకల మధ్య ఖాళీ మీద బొటనవేలు పెట్టాలి. ఖాళీ వేలి కింద దాగిపోతే కలిపెయ్యాలి, వేలు దాటి కనిపిస్తే వదిలెయ్యాలి. ఆ కాగితం కొలతలో బొటనవేలి వెడల్పంటే నేల మీద పది మీటర్లు. పది మీటర్ల ఖాళీలో ఉండేది ముళ్ల పొదో ఇసుక కుప్పో తప్ప మరేమీ కాదు. "ఎండలో తిరిగి కాళ్లరగదీసుకోవడం దేనికమ్మా, దేవుడు వేలిచ్చాడు కదా," అనేవాడాయన. తర్వాత కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ముసలాయన వెళ్లిపోయాడు గానీ ఆయన వేలు మాత్రం సెక్షన్‌లోనే ఉండిపోయింది.

ఆ ఏడు పై అధికారికి కొత్త బెంగ పట్టుకుంది. ఆయన ఏ సంగతైనా శాతాల్లోనే మాట్లాడతాడు గనుక శాతం సారు అనేవారు. నగరం పాత భాగంలో సందులు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. ఒక సందు మూసేస్తే పక్క సందులోంచి పోవచ్చు, దారి తప్పినవాడు కూడా ఎలాగో ఇంటికి చేరతాడు. అక్కడ వంద చోట్ల చూస్తే ఆరు చోట్ల మాత్రమే రోడ్డు మొండిగా ఆగిపోతుంది. కొత్త అంచుల్లో అలా కాదు. ప్రతి లేఅవుటుకూ ఒకటే గేటు. లోపలికి వెళ్లిన రోడ్డు చీలి, మళ్లీ చీలి, చివరికి గోడకు తల బాదుకుంటుంది. వందకు ముప్పై ఎనిమిది మొండి చివరలు. ఊరు పెరిగినకొద్దీ ఆ అంకె కూడా పెరుగుతూ వచ్చింది. "దీన్ని తగ్గించాలమ్మా, తోకలన్నీ ఒకసారి చూడు," అన్నారు శాతం సారు. ఆమె రెండు వారాలు కుర్చీ దిగకుండా చూసి నలభై ఒక్క తోకల్ని కలిపేసింది. ముప్పై ఎనిమిది కాస్తా ఇరవై నాలుగైంది. సారు ఆ అంకెను రిపోర్టు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేయించి పైకి పంపారు. ఆ మ్యాపే ఎనిమిది నెలలు పైవాళ్ల దగ్గర తిరిగి తిరిగి, ఈ సోమవారం పొద్దున ఆరు గంటల నుంచి అంబులెన్సుల కంట్రోల్ రూమ్‌లో వాడకంలోకి రావాలి.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఊరికే ఉండలేక, చెల్లెలి ఇంటి నుంచి ఆస్పత్రికి దారి చూపించే బొమ్మ ఒకటి తీసి ఫోన్‌కు పంపుదామనుకుంది. చెల్లెలికి నెలలు నిండాయి, ఇంక పది రోజులే. మూడేళ్ల కిందట మొదటి కాన్పుకు ఏడో నెలలో రక్తం పోవడం మొదలై, కారు ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఆస్పత్రి చేరేసరికి బిడ్డ దక్కలేదు. ఈసారీ అలా జరగవచ్చనీ, ఆస్పత్రికి దగ్గరలో ఉంటే మంచిదనీ డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు ఇల్లు వెతికింది ఈ అక్కే. మ్యాపు పరిచి, "ఇదిగో, ఈ కాలనీ చివరి వీధిలో దిగండి, ఆస్పత్రి నాలుగు నిమిషాలు. మధ్యలో ఈ రోడ్డు నేనే కలిపాను," అని మరిది ముందూ, వాళ్ల అత్తగారి ముందూ గర్వంగా చెప్పింది. చెల్లెలూ మరిదీ మారుమాట లేకుండా ఆ ఇంట్లో దిగారు.

బొమ్మ స్పష్టంగా రావాలని ఆ వీధిని తెర మీద పెద్దది చేసింది. పెద్దది చేసి, అలవాటు చొప్పున తను కలిపిన చోట బొటనవేలు పెట్టింది. వేలికి రెండు వైపులా బెత్తెడు ఖాళీ కనిపించింది.

ఆమెకు మొదట అర్థం కాలేదు. బొమ్మను చిన్నది చేసింది, ఖాళీ వేలి కింద దాక్కుంది. పెద్దది చేసింది, బయటపడింది. కాగితం మీద కొలత మారదు గనుక బొటనవేలు ఎప్పుడూ పది మీటర్లే. తెర మీద బొమ్మ పెరుగుతుంది, తరుగుతుంది, వేలు మాత్రం వేలంతే ఉంటుంది. ఊరంతా ఒక్కసారి కనపడాలని బొమ్మను చిన్నది చేసి పెట్టుకుని, ఆ రెండు వారాలూ ఆమె వేలి కింద పది మీటర్లు కాదు, ఎనభై మీటర్ల ఖాళీలను కూడా రోడ్లు చేసేసింది. పదకొండేళ్ల అనుభవం ఉన్న మనిషి చెయ్యాల్సిన తప్పు కాదిది. నిజానికి అనుభవం ఉన్నవాళ్లే చెయ్యగల తప్పు, కొత్తగా చేరిన పిల్లలైతే కంప్యూటర్లో కొలత చూసుకునేవారు. చెల్లెలి వీధి చివర ఖాళీని ఇప్పుడు సరిగ్గా కొలిచింది. అరవై రెండు మీటర్లు.

ఆమె లేచి వెళ్లి సారు గదిలో నిలబడింది. జరిగింది దాచకుండా చెప్పింది.

"ఎన్ని తప్పు?" అన్నారాయన.

"వెళ్లి చూస్తే గానీ తెలీదు సార్. సగం ఉండొచ్చు."

"సగం తీసేస్తే శాతం ఎంతవుతుంది?"

"ముప్పై దాటుతుంది సార్."

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డ మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడంతే. "రిపోర్టు పైకి పోయిందమ్మా. ఇప్పుడు వెనక్కి తెమ్మంటే నేనేం చెప్పను? ఆర్నెల్లకోసారి సవరణ ఉంటుంది కదా, అప్పుడు సరిచేద్దాం. ఆ రోడ్లు ఎప్పటికైనా వచ్చేవే. నువ్వు కాస్త ముందుగా గీశావు, అంతే."

"రోడ్డు కన్నా అంబులెన్సు ముందొస్తుంది సార్," అంది ఆమె.

"నీ కాంట్రాక్టు వచ్చే నెలలో పొడిగించాలి, గుర్తుందా," అన్నారు సారు, మెల్లగా, సలహా చెబుతున్నట్టుగా. ఆ మెత్తదనానికే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

శనివారం సెలవు. స్కూటర్ వేసుకుని, కలిపిన తోకల జాబితా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని బయల్దేరింది. మొదటి చోట నిజంగానే రోడ్డు ఉంది. కొత్త తారు కూడా వేశారు, ఇద్దరు ఆడపిల్లలు దాని మీద సైకిల్ నేర్చుకుంటున్నారు. ఆమె బండి ఆపి, ఆ తారు మీద నాలుగడుగులు నడిచి, దొంగతనం చేసి దొరకనివాళ్లలా ఊపిరి పీల్చుకుంది. రెండో చోట ఎత్తయిన గేటు, దానికి తుప్పు పట్టిన తాళం. మూడో చోట రెండు రోడ్లూ కలిశాయి గానీ ఒకటి పైన, ఒకటి రెండు నిలువుల కింద, మధ్యలో మట్టి చరియ. నాలుగో చోట ఎవరో ఇల్లు కట్టేసుకున్నారు. ఆ ఇంటావిడ బాల్కనీలో బట్టలు ఆరేస్తూ, "ఎవరు కావాలమ్మా?" అని అడిగింది. "మీ హాల్లోంచి పోయే రోడ్డు కావాలి" అని చెప్పలేక ఆమె బండి తిప్పుకుంది. సాయంత్రానికి పందొమ్మిది చూసింది. నిజమైనవి ఎనిమిది.

ఆ పందొమ్మిదిలో చెల్లెలి వీధి లేదు. జాబితాలో అది పైనే ఉంది, పోయే దారిలోనే ఉంది. అయినా ఆమె రెండుసార్లు ఆ మలుపు దాటి వెళ్లిపోయింది. లోపల ఎక్కడో, కొలత తప్పేమో, అక్కడ మాత్రం రోడ్డు ఉందేమో అన్న పిచ్చి ఆశ. దాన్ని ఒక్క రోజైనా బతకనిద్దామనుకుంది.

ఆదివారం పొద్దున ముందుగా ఆస్పత్రి గేటు దగ్గరికి వెళ్లింది. అక్కడి నుంచి, ఆ రోడ్డు లేదనుకుని, చెల్లెలి ఇంటికి టైము చూసుకుంటూ బండి నడిపింది. పెద్ద రోడ్డు ఎక్కి, వంతెన చుట్టూ తిరిగి, ఇటు నుంచి మలుపు లేకపోవడంతో అంత దూరం ముందుకుపోయి వెనక్కొచ్చి, కాలనీకున్న ఏకైక గేటులోంచి దూరి, చీలిన చోటల్లా చీలి చివరి వీధికి చేరింది. సెలవు రోజు, రోడ్లన్నీ ఖాళీ. అయినా గడియారం చూసుకుని ఆ అంకెను మనసులోనే మింగేసింది.

చెల్లెలు తలుపు తీసి అక్క మొహం చూసింది. మరిదికి వారంలో నాలుగు రోజులు వేరే ఊళ్లో పని, ఇంట్లో ఆమె ఒక్కతే.

"ఏంటే, పీడకల కన్నదానిలా ఉన్నావు? నిద్రపోలేదా?"

"నాతో మా ఇంటికొచ్చెయ్. కాన్పయ్యే దాకా అక్కడే ఉండు."

"మళ్లీ మొదలెట్టావా. మీది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పైగా నువ్వు గంటకోసారి లేపి 'కదులుతోందా' అని అడుగుతావు. ఇక్కడే సుఖంగా ఉంది."

అక్క చెప్పులు విప్పలేదు. "నీకో మాట చెప్పాలి. మీ వీధి చివర..."

"గోడ ఉంది," అంది చెల్లెలు.

అక్క హ్యాండ్‌బ్యాగ్ దించి నేల మీద పెట్టేసింది.

"నీకు తెలుసా?"

"దిగిన వారానికే తెలుసు. ఆస్పత్రికి నడిచి వెళ్లి టైము చూద్దామని వీధి చివరికి వెళ్లాను. గోడ. గోడ అవతల మురుగు కాలవ, దాని అవతల ఇంకో గోడ. రోడ్డు లేదు గానీ రోడ్డు పేరు బోర్డు మాత్రం భలే పాతారు."

"నాకెందుకు చెప్పలేదే?"

చెల్లెలు నడుము పట్టుకుని మెల్లగా కుర్చీలో కూర్చుంది. "ఏం చెప్పమంటావు? అందరి ముందూ ఎంత సంబరంగా చెప్పావు, నేనే కలిపానని. ఆఫీసువాళ్లు ముందు గీసి తర్వాత వేస్తారేమో, వస్తుందిలే అనుకున్నాను. రెండో నెలలో వాచ్‌మన్‌ని అడిగితే నవ్వాడు. అప్పటికి నా పొట్ట కనిపిస్తోంది. చెబితే నువ్వు నిద్రపోవు. నువ్వు నిద్రపోకపోతే మమ్మల్నెవర్నీ పోనివ్వవు." ఆమె నవ్వబోయి ఆగింది. "ఈ వీధిలో అందరూ నన్నే అడుగుతారు, మీ అక్క ఆ ఆఫీసులోనేగా, దారి ఎప్పుడొస్తుందని. రేపో మాపో అంటున్నాను."

అక్కకు ఏడుపొచ్చింది. తన తప్పుకు ఆర్నెల్లుగా చెల్లెలు కాపలా కాస్తోంది. తనను నమ్మి మోసపోయిన మనిషే, తన పరువు పోకుండా వీధిలో అబద్ధాలు చెబుతోంది. ఇంతకన్నా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

"మరి నొప్పులొస్తే ఏం చేద్దామనుకున్నావు?"

"రా, చూపిస్తాను," అంది చెల్లెలు.

వీధి చివరి ఇల్లు టైలరమ్మది. మెడలో కొలతల టేపుతోనే బయటికొచ్చింది. ఆమె ఇంటి పక్కనే గోడ. గోడకు ఇనప నిచ్చెన ఆనించి, తాడుతో గట్టిగా కట్టి ఉంది. అవతల కాలవ మీద వెడల్పాటి చెక్క, చెక్క దాటాక రెండో గోడకు ఇంకో నిచ్చెన. వీధివాళ్లందరూ కలిసి ఏర్పాటు చేసుకున్నారు. కూరగాయలకు వెళ్లేవాళ్లు, బడికి వెళ్లేవాళ్లు, అందరిదీ అదే దారి.

"అంబులెన్సు అవతల వైపుకొస్తే, మేం నలుగురం పట్టుకుని ఎక్కిస్తామమ్మా, మీరేం కంగారుపడకండి," అంది టైలరమ్మ.

"మొన్న ఆదివారం ఎక్కి చూశాను," అంది చెల్లెలు. "ఎక్కడం పర్లేదు. పది మెట్లే. దిగేటప్పుడే పొట్ట అడ్డమొచ్చి కాలు ఎక్కడ పెడుతున్నానో కనపళ్లేదు."

అక్క ఆ నిచ్చెనను చూసింది, చెల్లెలి పొట్టను చూసింది. నెలలు నిండిన మనిషి, అదీ రక్తం పోయే ప్రమాదం ఉన్న మనిషి, ఈ మెట్ల మీద అభ్యాసం చేసింది. ఆ మాట చెల్లెలు అంత మామూలుగా చెప్పడం ఆమె భరించలేకపోయింది. ఫోన్ తీసి కంట్రోల్ రూమ్ నంబరు కొట్టింది. మ్యాపు పంపేటప్పుడు ఆ నంబరు సెక్షన్‌లో అందరికీ ఇచ్చారు. అవతల ఎత్తినాయన షిఫ్టు సూపర్‌వైజర్.

"రేపు మీరు వాడబోయే మ్యాపులో తప్పులున్నాయి," అందామె. "లేని రోడ్లున్నాయి. పదకొండు నేను చూశాను, ఇంకా ఇరవై ఒకటి చూడాలి. ఇప్పుడు నేను నిలబడ్డది ఇంకో దాని ముందు. ఇక్కడ గోడ ఉంది."

"మీరెవరండీ?"

"గీసింది నేనే."

అవతల కీబోర్డు చప్పుడు. "ఆ వీధి మాకు నాలుగు నిమిషాలు చూపిస్తోంది. రోడ్డు లేకపోతే ఎంతసేపు పడుతుంది?"

టైలరమ్మ అక్కడే ఉంది. చెల్లెలు గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. పక్కకు వెళ్లి చెప్పొచ్చు. ఇందాక మనసులో మింగేసిన అంకెను అక్క బయటికే అంది.

"ఇరవై ఆరు నిమిషాలు. రోడ్లు ఖాళీగా ఉంటే."

చెల్లెలి చెయ్యి గోడ మీంచి జారింది. "ఇరవై ఆరా? నేను పదిహేను అనుకున్నాను." ఇన్నాళ్లూ ఆమె గొంతులో ఉన్న వేళాకోళమంతా ఎటో పోయింది. "మొదటిసారి ఇరవయ్యే పట్టింది అక్కా."

సూపర్‌వైజర్ ఇంకా మాట్లాడుతున్నాడు. పదిహేను నిమిషాల్లో చేరలేని చోట్ల దగ్గర ఒక బండిని ఎప్పుడూ నిలిపి ఉంచాలని వాళ్ల నియమం. ఆ కాలనీ గేటు దగ్గరున్న బండిని కొత్త మ్యాపును బట్టే రేపట్నుంచి వేరే చోటికి మారుస్తున్నారు. నాలుగు నిమిషాలే కదా, ఇక్కడ అవసరం లేదని లెక్క తేలింది. తన గీత లేని రోడ్డును చూపించి ఊరుకోలేదు, ఉన్న బండిని కూడా తీసుకుపోతోంది.

"ఆపండి," అంది. "ఆ బండిని తియ్యకండి."

"నోటిమాటతో ఆపలేనండీ. రాసి పంపండి. మీ పై అధికారి సంతకంతో."

"ఆయన పెట్టరు."

"మరి?"

"గీసిన మనిషి సంతకం సరిపోతుందా?"

అతను ఆలోచించాడు. "తప్పు నాదేనని రాస్తే ఈ రాత్రికి ఆపగలను. కానీ ఆ కాగితం మీ ఆఫీసుకు కూడా పోతుంది మేడమ్. మీకు తెలుసుగా."

తెలుసు. వచ్చే నెల పొడిగింపు, సారు మెత్తటి గొంతు, పదకొండేళ్ల కుర్చీ, అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకొచ్చాయి. టైలరమ్మ లోపలికి వెళ్లి, బట్టలు కత్తిరించే ముందు కొలతలు గీసుకునే పెద్ద తెల్ల కాగితం ఒకటి చింపి తెచ్చింది. అక్క గుమ్మం మెట్ల మీద కూర్చుని, ఒడిలో పరుచుకుని రాసింది. చూసినవాటిలో రోడ్డు లేని పన్నెండు చోట్ల పేర్లు, ప్రతి దాని ఎదుటా అక్కడ నిజంగా ఉన్నది: గేటు, చరియ, ఇల్లు, గోడ. చూడని ఇరవై ఒకటీ చూసేదాకా నమ్మవద్దని రాసింది. కింద సంతకం పెట్టి, ఫోటో తీసి, ఒకటి కంట్రోల్ రూమ్‌కీ, ఒకటి శాతం సారుకీ పంపింది.

"బండి ఉంటుందంటారా?" అని అడిగింది టైలరమ్మ. "మా ఆయనకి ఆయాసం. అర్ధరాత్రి అపరాత్రి అని ఉండదు. మీ చెల్లెలికైతే మీ ఇల్లుంది."

"ఉంటుంది," అంది అక్క. "ఉందో లేదో రేపు పొద్దున్నే వచ్చి నా కళ్లతో చూస్తాను." ఆఫీసులో ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట అది.

చెల్లెలు లోపలికి వెళ్లి, నెల కిందటే సర్ది పెట్టుకున్న ఆస్పత్రి బ్యాగు తెచ్చుకుంది. ఈసారి మూడో అంతస్తు సంగతీ, నిద్ర సంగతీ ఎత్తలేదు. క్యాబ్ కోసం ఫోన్‌లో నొక్కితే, బండి రావడానికి ఇరవై రెండు నిమిషాలని చూపించింది. అక్కాచెల్లెళ్లు బ్యాగు మధ్యలో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. అక్క గంటకోసారి అడగాల్సిన మాటను అప్పుడే అడిగింది.

"కదులుతోందా?"

"కదులుతోంది," అని చెల్లెలు ఆమె చేతిని తీసి పొట్ట మీద పెట్టుకుంది. ఇద్దరూ వీధి మొదలు వైపు చూస్తూ కూర్చున్నారు. క్యాబ్ వచ్చేదాకా అక్క ఆ చేతిని తియ్యలేదు.